ఫ్యాన్ హోరు పోవాలి, మాట చివరి అచ్చు మిగలాలి

తమ్ముడూ, నీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. చంద్రగిరిలో ఒక పాత మిద్దె ఇంట్లో 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశారు. ఎండాకాలం కాబట్టి ఫ్యాన్ ఆపలేదు. రెండో రోజు కరెంటు పోతే జనరేటర్ పెట్టారు. అమ్మమ్మ పాత్ర వేసినావిడ కాలర్ మైకు చీర కొంగుకు రాసుకుంది. రాత్రి సీన్లలో కీచురాళ్లు. కొడుకు అరిచే షాట్‌లో గొంతు పగిలింది. శబ్దాన్ని శుభ్రం చేసే ఆర్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా నడిపావు. హోరు పోయింది కానీ అందరూ బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు తయారైంది. అమ్మమ్మ డబ్బింగ్‌కు రావడం కుదరదు. "మొత్తం డబ్బింగ్ చెప్పించాలా, ఉన్నదాన్నే కాపాడుకోవచ్చా?" అని అడిగావు.

కాపాడుకోవచ్చు. నువ్వు పంపిన 3 ముక్కలూ, ముందువీ తర్వాతవీ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదుసార్లు విన్నాను. ఒరిజినల్‌లో మాట బాగానే పడింది. చెడింది రిపేరు దగ్గర. కాబట్టి ఇప్పటిదాకా చేసిన ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పక్కన పెట్టేసి, రికార్డర్ నుంచి దింపుకున్న అసలు ఫైళ్ల దగ్గరికి వెళ్లు. గట్టిగా శుభ్రం చేసి చెడగొట్టిన ఫైలు మీద మళ్లీ శుభ్రం చేయొద్దు. పోయిన అక్షరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

నేను తిరుపతిలో ఈ పని మొదలుపెట్టి 17 ఏళ్లు దాటింది. డైలాగ్ ఎడిటింగ్ చేస్తాను, పాత క్యాసెట్లు శుభ్రం చేసి పెడతాను. మొదట్లో నేనూ నీలాగే మీటరు చూసి సంతోషపడేవాడిని. మాటకూ మాటకూ మధ్య నల్లటి నిశ్శబ్దం వస్తే పని అయిపోయిందనుకునేవాడిని. సినిమా చూసేవాళ్లు ఆ నిశ్శబ్దాన్ని వినరు, అమ్మమ్మ ఏమంటోందో వింటారు. ఆ మాట ముక్కలైపోతే వెనక ఎంత ప్రశాంతంగా ఉన్నా ఉపయోగం లేదు.

గొంతు ఎందుకలా అయిందో తెలిస్తే మళ్లీ ఆ తప్పు జరగదు. నాయిస్ రిడక్షన్, అంటే హోరు తగ్గించే పని, జరిగే పద్ధతి ఇదీ. ఫ్యాన్ మాత్రమే వినిపించే ఒక చిన్న ముక్కను మనం దానికి చూపిస్తాం. అది ఆ ముక్కను కింది స్వరం నుంచి పై స్వరం దాకా వందల సన్నటి పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలో హోరు ఎంత ఎత్తున ఉందో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మొత్తం రికార్డింగ్‌లో ఏ పట్టీలోనైనా శబ్దం ఆ ఎత్తు దాటితే వదిలేస్తుంది, దాటకపోతే తగ్గించేస్తుంది. అంతే. బియ్యం జల్లించినప్పుడు రాళ్లతో పాటు నూకలు కూడా కిందికి జారిపోతాయి చూడు, అలాగే ఫ్యాన్ కంటే మెల్లగా పలికిన అక్షరాలన్నీ హోరుతో పాటే పోతాయి. పోనిచోట హోరు తాలూకు చిన్న చిన్న తునకలు అక్కడక్కడా మిగిలి, పిట్టలు కూసినట్టు, నీళ్లు బుడబుడమన్నట్టు వినిపిస్తాయి. నీ బిందె శబ్దం అదే. ఇంకో సంగతి కూడా ఉంది. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్ అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే కొలతలు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకేసారి 2048 శాంపిళ్ల కిటికీతో చూస్తే ఒక్కో కిటికీ దాదాపు 43 మిల్లీసెకన్లు. ట, ప లాంటి అక్షరం పేలే క్షణం దానికంటే చాలా చిన్నది. గట్టిగా నొక్కినకొద్దీ ఆ పేలుడు ముందుకూ వెనక్కూ అలుక్కుపోతుంది.

తెలుగుకు ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో ఉన్న పాఠాలు, వీడియోలు ఎన్ని చూసినా అది దొరకదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మనది అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది. "చెప్పినాడు" అన్నప్పుడు చివరి ఉకారం పెదాలు దాదాపు మూసుకుని, ఊపిరి అయిపోతూ, చాలా మెల్లగా వస్తుంది. వాక్యం చివరైతే మరీ మెల్లగా. సాఫ్ట్‌వేర్‌కు అది హోరు కంటే కింద కనిపిస్తుంది. కోసేస్తుంది. నీ రెండో ముక్కలో అమ్మమ్మ "మీ తాత అట్లే చెప్పినాడు" అంటే మనకు "చెప్పినాడ్" అని వినిపిస్తోంది. ఆవిడ యాస అంతా ఆ చివర్లోనే ఉంది. అది పోతే ఆవిడ మన చిత్తూరు వైపు మనిషిలా ఉండదు.

రెండోది ఒత్తులు. ధ, భ, ఖ పలికాక వచ్చే ఊపిరి స్వభావంలో ఫ్యాన్ గాలి లాంటిదే. "ధర్మం" కాస్తా "దర్మం" అవుతుంది. స, శ, ష ల శక్తి ఎక్కువగా సుమారు 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అక్కడ గట్టిగా తగ్గిస్తే మూడూ ఒకేలా, నాలుక మందమైనట్టు వినిపిస్తాయి. మూడోది ద్విత్వాలు. "చెప్పు", "పక్కన", "ఎత్తు" అన్నప్పుడు మధ్యలో నోరు పూర్తిగా మూసుకుని చిన్న ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో హోరు పూర్తిగా మాయమై, పక్క అక్షరంతో మళ్లీ లేస్తే మాట కత్తిరించి అతికించినట్టుంటుంది.

దీనికి నేను వాడే పరీక్ష ఒక్కటే, ఏ సెట్టింగ్ కంటే ముందు దాన్ని నేర్చుకో. ఆర్‌ఎక్స్ స్పెక్ట్రల్ డీ-నాయిస్‌లో తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినిపించే బటన్ ఉంటుంది. ఆడాసిటీ అనే ఇంకో సౌండ్ సాఫ్ట్‌వేర్ నాయిస్ రిడక్షన్‌లో దాన్నే రెసిడ్యూ అంటారు. అది నొక్కి విను. ఫ్యాన్ గాలి తప్ప ఏమీ వినబడకూడదు. అందులో అమ్మమ్మ గుసగుసగా మాట్లాడుతున్నట్టు వినిపించిందంటే నువ్వు ఆవిడ గొంతును పారేస్తున్నావు. గుసగుస ఆగేదాకా వెనక్కి తగ్గు. ఆ తర్వాత శుభ్రం చేసిన ఫైలును అసలు ఫైలు పక్కన పెట్టుకుని వాక్యాల చివరి అచ్చులు మాత్రం ఒకసారి విను. ఆ రెండూ బాగుంటే అంకెలు ఎంతున్నా పరవాలేదు.

ఇప్పుడు వరుస. పగిలిన గొంతును అన్నిటికంటే ముందు బాగుచెయ్యాలి. పగలడం అంటే తరంగం కొన నేలమట్టంగా తెగిపోవడం. డీ-క్లిప్ ఆ చదునైన చోటును గుర్తుపట్టి, రెండు పక్కలా ఉన్న వంపును బట్టి కొనను ఊహించి గీస్తుంది. నువ్వు ముందే ఫిల్టరో, హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) తీసేదో నడిపితే ఆ చదును వంకరైపోతుంది. అప్పుడు దానికి గుర్తు దొరకదు. నీ వరుసలో డీ-క్లిప్ చివర ఉంది, అందుకే కొడుకు అరుపు ఏమీ మారలేదు. అసలు ఫైలు మీద ముందుగా పెట్టి, హద్దు గీతను తెగిన కొన కంటే కొంచెం కిందికి దించి చూడు. ఒక్కో తరంగంలో కొన మాత్రమే తెగితే బాగా వస్తుంది. మైకే ఉక్కిరిబిక్కిరైపోయి ఉంటే గరగర పోదు, అప్పుడు వేరే టేక్ వెతుక్కోవాలి.

తర్వాత టక్ టక్ శబ్దాలు, ప, బ ల దగ్గర మైకు మీద పడిన గాలి దెబ్బలు, చీర రాపిడి. ఆ తర్వాత జనరేటర్ హమ్. దాని తర్వాతే ఫ్యాన్. గది మోత ఆఖర్న. శబ్దం హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ మాత్రం ఇవన్నీ అయ్యేదాకా ముట్టుకోవద్దు. అది మాటల మధ్య హోరును పైకి లేపి, మాట రాగానే కిందికి తోస్తుంది. అలా ఊగిసలాడే హోరుకు ఒక కొలత తీసుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ కుదరదు.

హమ్ గురించి ఒక ముఖ్యమైన మాట. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. అమెరికాలో 60. అక్కడివాళ్లు చేసిన వీడియోలు చూసి 60, దాని రెట్లయిన 120, 180 దగ్గర కోస్తే హమ్ అలాగే ఉంటుంది, గొంతులో ఒక ముక్క పోతుంది. ఆడాసిటీలో ఒక్క స్వరాన్నే కోసే నాచ్ ఫిల్టర్ తెరవగానే 60 అనే కనిపిస్తుంది, మార్చుకోవడం మరిచిపోవద్దు. 50తో పాటు 100, 150, 200 దగ్గర కూడా దాని పిల్లలుంటాయి. మగ గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 మధ్యే ఉంటుంది కాబట్టి 100, 150 దగ్గర కోత చాలా సన్నగా ఉండాలి. లేదంటే కొడుకు గొంతు పీలగా అవుతుంది. నీ రెండో రోజు ఫైళ్లలో ఇంకో చిక్కుంది. అవి జనరేటర్ మీద తీసినవి. లోడు మారినప్పుడల్లా దాని వేగం మారుతుంది, హమ్ కూడా 50 చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంది. శబ్దాన్ని బొమ్మలా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో కిందిభాగం పెద్దది చేసి చూస్తే గీత తిన్నగా లేకుండా పాములా కనిపిస్తుంది. దానికి స్థిరమైన కోత పనికిరాదు. ఆర్‌ఎక్స్ డీ-హమ్‌లో మారే హమ్‌ను వెంటాడే పద్ధతి ఎంచుకో, లేదా షాట్ షాట్‌కూ విడిగా కొలత తీసుకో.

ఫ్యాన్ విషయంలో నీ పెద్ద పొరపాటు, మొత్తం సినిమాకు ఒకే ముక్క నుంచి కొలత తీసుకోవడం. మైకు రెండడుగులు జరిగినా, గెయిన్ (రికార్డర్‌లో శబ్దం పెంచే మట్టం) మారినా, ఫ్యాన్ రెగ్యులేటర్ ఒక పాయింటు తిప్పినా హోరు వేరు. ప్రతి షాట్‌కూ ఆ షాట్‌లోంచే, యాక్షన్ అన్నాక నటులు నోరు తెరవకముందు దొరికే ఒకటి రెండు సెకన్లు తీసుకో. అందులో ఊపిరి గానీ, గాజుల చప్పుడు గానీ ఉండకూడదు. తగ్గించడం 6 నుంచి 10 డెసిబెల్స్ దాటొద్దు. 10 దాకా కావాలనిపిస్తే 5 చొప్పున రెండుసార్లు, రెండోసారి కొత్తగా కొలత తీసుకుని చెయ్యి. ఒకేసారి 20 తీయడం కంటే ఇది గొంతును చాలా మేరకు కాపాడుతుంది. కొంత ఫ్యాన్ మిగులుతుంది. మిగలనీ. తెర మీద ఫ్యాన్ తిరుగుతూ కనిపిస్తున్నప్పుడు దాని చప్పుడు బొత్తిగా లేకపోతేనే చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉంటుంది.

కీచురాళ్ల సంగతి వింటే నాకు సంతోషమేసింది, ఎందుకంటే అది నిజానికి సమస్యే కాదు. శేషాచలం కొండ కింద రాత్రి సీను తీసి కీచురాళ్లు లేకుండా ఎలా ఉంటుంది? అక్కడ ఇబ్బంది వేరే: ఒక షాట్‌లో ఉన్నాయి, కట్ అయిన తర్వాత షాట్‌లో లేవు. చెవి ఆ గెంతును పట్టుకుంటుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో కీచురాయి సాధారణంగా 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి అడ్డపట్టీలా కనిపిస్తుంది. మరీ ఎక్కువగా ఉన్న షాట్లలో ఆ పట్టీని మాత్రమే ఎంచుకుని కొంచెం తగ్గించు, స, శ లు పలికే చోట్ల వదిలెయ్. తర్వాత మాటలు లేని చోట నుంచి కీచురాళ్ల శబ్దం 20, 30 సెకన్లు తీసుకుని సీను మొదటి నుంచి చివరిదాకా మెల్లగా కింద పరువు. గెంతు పోతుంది. తీసేయడం కంటే పరచడం వల్ల తీరే సమస్యలు డైలాగ్ పనిలో చాలా ఉంటాయి. ఫ్యాన్ షాట్లకూ ఇదే చెయ్యి: రెండు షాట్ల మధ్య హోరు తేడా ఉంటే ఎక్కువున్నదాన్ని కాస్త తగ్గించి, తక్కువున్నదాని కింద కొంచెం ఫ్యాన్ వేసి, అతుకు దగ్గర ఒకదాన్ని తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచు.

చీర రాపిడి దగ్గర మాత్రం నీకు గట్టి ఆశ పెట్టలేను. దానికని ఆర్‌ఎక్స్ పెద్ద వెర్షన్‌లో డీ-రసిల్ ఉంది, మాటల మధ్య వచ్చే రాపిడిని బాగానే తీస్తుంది. మాట మీదే పడితే మాట కూడా నలుగుతుంది. నువ్వు 4 టేకులు తీశామన్నావు. అక్కడికి వెళ్లు. చాలాసార్లు అదే వాక్యం వేరే టేకులో శుభ్రంగా ఉంటుంది. కొన్నిసార్లు ఒక్క అక్షరమే చాలు, మూడో టేకులోని "తాత"ను తెచ్చి ఒకటో టేకులో పెడితే పెదాలతో సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ లేని కాలం నుంచీ డైలాగ్ ఎడిటర్లు చేస్తున్న పని ఇదే, ఇప్పటికీ దీన్ని మించిన రిపేరు లేదు. బూమ్ మైకు (కర్రకు కట్టి నటుల పైన పట్టుకునేది) ట్రాకు కూడా ఉందన్నావు కదా, కాలర్ మైకు పాడైన చోట దాన్ని విను. దూరంగా వినిపించినా మాట మొత్తంగా ఉంటే అదే మేలు.

హాల్లో మోత. నాపరాళ్ల నేల, ఎత్తైన గోడలు, ఒక్క పరుపు కూడా లేదు. మోత తగ్గించే డీ-రివర్బ్‌ను నువ్వు పూర్తిగా తిప్పావు. సగం కంటే తక్కువ పెట్టు. మోత మాట తోకకు అంటుకుని ఉంటుంది, నేను పైన చెప్పిన చివరి అచ్చు కూడా అక్కడే ఉంటుంది, రెండింటినీ విడదీయడం దానికి అన్నిటికంటే కష్టమైన పని. మోత కొంచెం ఉన్నా అన్ని షాట్లలో ఒకేలా ఉంటే ఆ ఇల్లు అంతే అనుకుంటారు.

ఏఐ పద్ధతుల గురించి కూడా అడిగావు. ఆర్‌ఎక్స్‌లో డైలాగ్ ఐసొలేట్, డావిన్సీ రిజాల్వ్ స్టూడియోలో వాయిస్ ఐసొలేషన్, అడోబీ వాళ్ల ఎన్‌హాన్స్ స్పీచ్. ఇవి హోరును కొలవవు, మాట ఎలా ఉంటుందో నేర్చుకుని మాటను వెతికి పట్టుకుంటాయి. వెనక కుక్క అరిచినా, బస్సు హారన్ కొట్టినా, కొలత తీసుకోవడానికి వీల్లేని చోట ఇవి చేసే మేలు పాత పద్ధతులు చేయలేవు. నేను రోజూ వాడతాను. కానీ పెద్దవాళ్ల వణికే గొంతులో, మన యాసలో ఇవి కొన్నిచోట్ల ఒక అక్షరానికి బదులు ఇంకోటి పలికించినట్టు నాకు కనిపించాయి. వణుకు నునుపైపోతుంది, ళ కాస్తా ల అవుతుంది. అందుకని వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు పెట్టను. అసలు ట్రాకు కింద పెట్టి, శుభ్రమైనదాన్ని దానితో సరిగ్గా కలిసేలా జరిపి, సగం సగం కలుపుతాను. వెంట్రుకవాసి తేడా ఉన్నా గొంతు డొల్లగా వినిపిస్తుంది, జూమ్ చేసి తరంగాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూసుకో. ఒక వాక్యం ఏమన్నారో నీకు ముందే తెలుసు కాబట్టి నీ చెవి మోసపోతుంది. స్క్రిప్టు చదవని ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, విన్నది రాయమను.

నాకు ఈ జాగ్రత్త నేర్పింది ఒక క్యాసెట్. మన వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలు జరుగుతాయి కదా, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఒక కుటుంబం వాళ్ల నాన్నగారు అక్కడ చెప్పిన హరికథ క్యాసెట్ తెచ్చి శుభ్రం చేయమన్నారు. హిస్, అంటే టేపు సుయ్యిమనే శబ్దం, చాలా ఉంది. గట్టిగా తీశాను, నిశ్శబ్దం వచ్చింది, గర్వంగా వినిపించాను. వాళ్లబ్బాయి కాసేపు విని, "శ్రుతి ఏమైందన్నా?" అని అడిగాడు. శ్రుతి పెట్టె శబ్దం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఒకేలా ఉన్నదంతా హోరే. నేను కొలత తీసుకున్న ముక్కలో హిస్‌తో పాటు శ్రుతి కూడా ఉంది. ఆయన ఆధారం లేకుండా పాడుతున్నట్టయింది. మళ్లీ మొదటి నుంచి, క్యాసెట్ మొదట్లో శ్రుతి మొదలుకాకముందు ఉన్న ఒక్క సెకను హిస్ పట్టుకుని, సగం మాత్రమే తగ్గించి ఇచ్చాను. ఆ కొంచెం హిస్ ఆయనకు తోడుగా బాగానే ఉంది. నీ సినిమాలోనూ రెండో సీన్‌లో గుడి నుంచి నాదస్వరం సన్నగా వస్తోంది, గమనించావా? నీ శుభ్రమైన వెర్షన్‌లో అది తునకలైపోయింది. దాన్ని ఉంచుకో.

డబ్బింగ్ ఏదైనా తప్పదనుకుంటే నా లెక్కలో అమ్మమ్మవి రెండు వాక్యాలే, చీర రాపిడి నాలుగు టేకుల్లోనూ మాట మీద పడినవి. వాటికి ఆవిడను స్టూడియోకు పిలవొద్దు. అదే కాలర్ మైకు పట్టుకుని నువ్వే వాళ్లింటికి వెళ్లు. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, గోడకు బొంతలు గానీ దుప్పట్లు గానీ వేలాడదీసి, మైకు అదే దూరంలో పెట్టు. తెర చూసి పెదాలు కలపమంటే పెద్దవాళ్లకు టెన్షన్ వస్తుంది. ఆవిడ వాక్యాన్నే హెడ్‌ఫోన్‌లో మూడుసార్లు వినిపించి, విన్నట్టే అనమను. పది సార్లు చెప్పించుకో, ఒకటి కచ్చితంగా కూర్చుంటుంది. అతికించాక దాని కింద ఆ సీను ఫ్యాన్ వేస్తే ఎవరూ పట్టలేరు.

వచ్చేసారి షూటింగ్‌లో మూడు పనులు చెయ్యి. ప్రతి చోటా అందరినీ నిలబెట్టి ఊపిరి బిగపట్టించి 30 సెకన్ల ఖాళీ గది శబ్దం రికార్డు చెయ్యి. ఈరోజు నువ్వు వెతుక్కుంటున్న ముక్కలన్నీ అందులో దొరుకుతాయి. ఫ్రిజ్ ఆపేసినప్పుడు బండి తాళం అందులో పెట్టు, ఇంటికి బయల్దేరేటప్పుడు ఆన్ చేయడం మరిచిపోవు, ఆ ఇంటివాళ్ల పాలు విరిగిపోవు. మైకు దూరం సగానికి తగ్గిస్తే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది హోరు అలాగే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ అంత శుభ్రంగా 6 డెసిబెల్స్ ఇవ్వదు.

ముందు రెండో సీను ఒక్కటే పట్టుకో. డీ-క్లిప్, రాపిడి, హమ్, ఫ్యాన్, ఈ వరుసలో, ఒక్కో అడుగుకు ఒక్కో పేరుతో ఫైలు దాచుకుంటూ వెళ్లు. హెడ్‌ఫోన్స్‌లో సరిపోయాక ఫోన్ స్పీకర్‌లో, తర్వాత ఇంట్లో టీవీలో మెల్లటి సౌండ్‌తో విను. "మీ తాత అట్లే చెప్పినాడు" అన్న వాక్యం ఫోన్‌లో చివరి "డు" దాకా వినిపిస్తే ఆ ఫైలు, దాంతో పాటు తీసేసిన శబ్దం ఫైలు, రెండూ నాకు పంపు.